హోటల్ పనీర్ బటర్ మసాలా రుచి ఇంట్లో ఎందుకు రావట్లేదు? ఏడుసార్లు చేసి ఓడిపోయా

వంటొచ్చీరానోడు:

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటున్నా. మా ఇంట్లో వారానికోసారి బయట్నుంచి పనీర్ బటర్ మసాలా, నాన్లు తెప్పించుకోవడం అలవాటైపోయింది, పిల్లలకి ఇంకో కూర ఎక్కదు. నెలాఖరున లెక్క చూసుకుని గుండె గుభేల్మని, ఇదేమన్నా బ్రహ్మవిద్యా నేనే చేస్తా అని పంతం పట్టా. ఇప్పటికి ఏడుసార్లు చేశా, ఏడుసార్లూ పనీర్ ముక్కలేసిన టమాటా కూరే వచ్చింది. మా ఆవిడ మొహమాటానికి "బానే ఉందిలే" అంటుంది గానీ మా చిన్నది మాత్రం మొహం మీదే "నాన్నా, ఇది చారులో పనీర్" అనేసింది.

నేను చేసేది ఇదీ. రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలో వేయిస్తా, డబ్బా అల్లం వెల్లుల్లి పేస్ట్ ఒక చెంచా, మూడు టమాటాలు మిక్సీ పట్టి పోస్తా, ఉప్పు, పసుపు, కారం, గరం మసాలా, ఓ పది జీడిపప్పులు పది నిమిషాలు నానబెట్టి రుబ్బి అది పోస్తా, పనీర్ వేసి ఉడికిస్తా, చివర్లో క్రీమ్. మొత్తం పాతిక నిమిషాల్లో దించేస్తా.

కంప్లైంట్లు ఏంటంటే, రంగు ఆ నారింజ ఎరుపు రాదు, వెలిసిపోయిన గులాబీ రంగులో ఉంటుంది. రంగు కోసం కారం ఎక్కువేస్తే నోరు మండిపోతుంది (మాది ఊరి నుంచి వచ్చే గుంటూరు కారం). ఏదో పచ్చి వాసన, పైగా పులుపు. గ్రేవీ నాలిక మీద ఇసుకలా తగులుతుంది. పనీర్ రబ్బరు. ఇంకేం మిగిలింది అంటారా, ఉప్పు సరిపోతుంది, అదొక్కటే నాకొచ్చింది.

హోటల్ వాళ్ళు రంగు కలుపుతారా, అజినొమోటో వేస్తారా, లేక మనకి తెలీని మసాలా ఏమన్నా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.


కందిపప్పు:

అన్నీ రాశారు, వెన్న ఎంత వేస్తున్నారో మాత్రం రాయలేదు. కూర పేరులోనే బటర్ ఉందండీ బాబూ. నా అనుమానం అక్కడే. మిగతాది పెద్దవాళ్ళు చెప్తారు, నేను పాప్‌కార్న్ పట్టుకుని కూర్చుంటున్నా.


గ్రేవీసెక్షన్:

బ్రదర్, నేను హైదరాబాద్‌లో రెండు మూడు హోటళ్ళలో కలిపి తొమ్మిదేళ్ళు కిచెన్‌లో చేశా, అందులో నాలుగేళ్ళు గ్రేవీలే. ఇప్పుడు ఆ లైన్‌లో లేను కాబట్టి ఓపెన్‌గా చెప్తా. రహస్య మసాలా ఏమీ లేదు. అజినొమోటో మా దగ్గర చైనీస్ సెక్షన్‌లోనే ఉండేది, బటర్ మసాలాకి వాడే మఖనీ గ్రేవీలో వెయ్యాల్సిన పని లేదు. రంగు పొడి వాడేవాళ్ళు ఉన్నారు, కాదనను, కర్ణాటకలో 2024లో కబాబుల్లో కృత్రిమ రంగులు బ్యాన్ చేసింది అందుకే కదా. కానీ రంగు పొడి లేకుండానే ఆ రంగు వస్తుంది, అది తర్వాత చెప్తా.

అసలు సంగతి ఏంటంటే, మీరు కూరని పాతిక నిమిషాల్లో చేస్తున్నారు, హోటల్లో ఆర్డర్ వచ్చాక ఏడెనిమిది నిమిషాల్లో చేస్తారు, కానీ ఆ ఎనిమిది నిమిషాల వెనకాల పొద్దున్నుంచి మూడు గంటలు ఉడికిన గ్రేవీ ఉంటుంది. కస్టమర్‌కి కనపడేది చివరి సీన్ ఒక్కటే. పొద్దున తొమ్మిదికల్లా పెద్ద దేగిసాల్లో గ్రేవీలు పడిపోతాయి. మఖనీ గ్రేవీ అని టమాటా, జీడిపప్పు, వెన్నతో ఒకటి. చాప్ మసాలా అని ఉల్లి, టమాటా బాగా వేయించి చేసే ముద్ద ఒకటి. వైట్ గ్రేవీ అని ఉడికించిన ఉల్లి, జీడిపప్పు, పుచ్చగింజల పప్పుతో ఒకటి. పెద్ద హోటల్ అయితే ఎల్లో గ్రేవీ, పాలక్ గ్రేవీ కూడా విడిగా. మెనూలో నలభై పేర్లు ఉంటాయి గానీ లోపల ఉండేది ఈ నాలుగైదు గిన్నెలే. మఖనీ ఒక్కటే వేస్తే బటర్ మసాలా, చాప్ మసాలాకి కొంచెం మఖనీ కలిపితే లబాబ్‌దార్, చాప్ మసాలాలో దంచిన ధనియాలు, ఎండుమిర్చి, క్యాప్సికం పడితే కడాయి, వైట్ గ్రేవీ అయితే మలై కోఫ్తా, షాహీ పనీర్. హోటల్ హోటల్‌కీ కొలతలు మారతాయి, మా మాస్టర్ లెక్క ఇది.

ఇప్పుడు మీ కూరకొద్దాం. మీరు చేసేది అసలు మఖనీయే కాదు, చాప్ మసాలాకి సగం, మఖనీకి సగం మధ్యలో ఆగిపోయిన కూర. బటర్ మసాలాకి ఉల్లి వెయ్యకపోయినా నష్టం లేదు, వేసినా ఒకటి చాలు. ఇంట్లో సరిపడా కొలత చెప్తా, రెండుసార్లకి వస్తుంది. కిలో బాగా పండిన ఎర్ర టమాటాలు, వంద గ్రాముల జీడిపప్పు (ముక్కలైనా పర్లేదు, హోటల్లో వాడేది ముక్కలే), నానబెట్టిన కాశ్మీరీ ఎండుమిర్చి గింజలు తీసి ఓ ఏడెనిమిది, అల్లం రెండంగుళాల ముక్క, వెల్లుల్లి పది రెబ్బలు, నాలుగు యాలకులు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, ఒక బిర్యానీ ఆకు, యాభై గ్రాముల వెన్న, ఉప్పు. టమాటాలు నాలుగు ముక్కలు చేసి ఇవన్నీ ఒకే గిన్నెలో వేసి ఒక గ్లాసు నీళ్ళు పోసి మూత పెట్టి సన్న మంట మీద అరగంట వదిలేయండి. టమాటా తొక్క ఊడి రావాలి, జీడిపప్పు వేలితో నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. మీ ఇసుక సమస్య ఇక్కడే పోతుంది, పది నిమిషాలు నానిన పచ్చి జీడిపప్పుని ఏ మిక్సీ కూడా నున్నగా చెయ్యలేదు.

దాల్చిన చెక్క, బిర్యానీ ఆకు ఏరి పారేసి, పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టి, జల్లెడలో గరిటెతో నొక్కి వడకట్టండి. వడకట్టకుండా ఆ సిల్కు రాదు, బద్ధకించొద్దు. జల్లెడలో మిగిలే తొక్కలు, గింజలు చూస్తే మీకే తెలుస్తుంది ఇన్నాళ్ళు ఏం తిన్నారో.

ఇక్కడితో సగం పని. వడకట్టినదాన్ని ఇంకో రెండు చెంచాల వెన్న వేసి మళ్ళీ సన్న మంట మీద అరగంట నుంచి నలభై నిమిషాలు ఉడికించాలి. టమాటాలో దగ్గర దగ్గర 94 శాతం నీళ్ళే. ఆ నీళ్ళు పోకుండా మీరు ఎన్ని మసాలాలు వేసినా చారే అవుతుంది, మీ పాప కరెక్ట్‌గానే చెప్పింది. మొదట్లో బుడగలు చిన్నగా గబగబా వస్తాయి, తర్వాత లావుగా "బుళుక్" మని ఎగిరిపడతాయి, చెయ్యి జాగ్రత్త. రంగు గులాబీ నుంచి ముదురు నారింజకి దిగుతుంది, అంచుల్లో వెన్న తేలి మెరుస్తుంది, గరిటెతో అడుగున గీత గీస్తే వెంటనే మూసుకోదు. అదీ గుర్తు. జీడిపప్పు ఉంది కాబట్టి అడుగంటుతుంది, ఫోన్ పక్కన పెట్టి దగ్గరుండి కలపాలి.

ఇది ఫ్రిజ్‌లో మూడు రోజులు, డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంటుంది. తినే రోజు వెన్న కరిగించి, మంట తగ్గించి అర చెంచా కాశ్మీరీ కారం వేసి, అది మాడకముందే గ్రేవీ పోసి, కొంచెం వేడి నీళ్ళు, చిటికెడు గరం మసాలా, అర చెంచా తేనె లేదా పంచదార, పనీర్, రెండు నిమిషాలు. వేడి పెనం మీద పొడిగా అటూ ఇటూ అని నలిపిన కసూరీ మేథీ (ఎండు మెంతాకు). స్టవ్ ఆపాక క్రీమ్. అంతే.


వంటొచ్చీరానోడు:

అన్నా దండం. ఇది సేవ్ చేసుకున్నా. రెండు డౌట్లు. టమాటా పులుపు ఎక్కువైతే పంచదారతో సరిపోతుందా? రంగు గురించి తర్వాత చెప్తా అన్నారు?


ఉల్లిగడ్డ:

రంగు ముచ్చట నేను చెప్త. మిరపకాయ ఎరుపు నీళ్ళల్ల కరగదు, నూనెల కరుగుతది. నువ్వు టమాటా పోసినంక కారం ఏస్తున్నవ్ గదా, అది ముద్దల కూసుంటది తప్ప రంగు దిగదు. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు స్టవ్ చిన్నగ చేసి కారం ఏసి ఒక పది పదిహేను సెకండ్లు తిప్పినవనుకో, నూనె మొత్తం ఎర్రగ అయితది, గప్పుడు గ్రేవీ పొయ్యి. ఎక్కువసేపు ఉంచినవా నల్లగ మాడి చేదు, ఘాటుకు ఇల్లంత దగ్గులు. భయముంటె పక్కన చిన్న గ్లాసుల నీళ్ళు పెట్టుకో, కారం ముదురుతున్నది అనిపిస్తె రెండు చెంచాలు చల్లు.

ఇంగొకటి, గుంటూరు మిర్చితోని ఈ రంగు తెద్దామంటె కుదరదు. అది ఘాటుకు ఏసేది. రంగుకు కాశ్మీరీ గాని, కర్ణాటక బ్యాడిగి గాని కావాలె. బ్యాడిగి ఎండుమిర్చి ముడతలు ముడతలుగ ఉంటది, ఘాటు తక్కువ, రంగు మస్తు. ప్యాకెట్ల కాశ్మీరీ కారం కన్న మిర్చి తెచ్చి నానబెట్టి రుబ్బుకుంటెనే నాకు నచ్చుతది. ఇంట్ల ఉన్న కారం పారెయ్యకు మల్ల, అది పప్పులకు, పచ్చళ్ళకు.

పనీర్ సంగతి కూడ జెర విను. ఫ్రిజ్‌ల ఉన్న పనీర్ సీదా గ్రేవీల ఏసి పది నిమిషాలు ఉడకబెడితె రబ్బరే అయితది, లోపలి నీళ్ళు బయటికి పోయి గట్టిపడుతది. ముక్కలు కోసి ఉప్పేసిన వేడి నీళ్ళల్ల పావుగంట పెట్టు, ఉప్పు లోపలికి పడుతది, మెత్తగైతది. వేయించే అలవాటు ఉంటె వేయించిన వెంటనే అదే నీళ్ళల్ల ఎయ్యి. కూరల ఆఖరికి రెండు నిమిషాలే.


గ్రేవీసెక్షన్:

కరెక్ట్‌గా చెప్పారు, నేను చెప్పాలనుకున్నది ఇదే. పులుపు గురించి: పంచదార పులుపుని కప్పుతుంది గానీ తీసెయ్యదు, ఎక్కువేస్తే కూర కాస్తా హల్వా అవుతుంది. ముందు టమాటా ఎంపికలో చూసుకోండి, గట్టిగా, కండ ఎక్కువ రసం తక్కువ ఉన్న కోల టమాటా, లోపలదాకా ఎర్రగా పండింది. నాటు టమాటా పులుసుకి బంగారం, దీనికి మాత్రం పులుపు ఎక్కువ. ఆ పైన జీడిపప్పు, వెన్న, క్రీమ్ చూసుకుంటాయి. పెరుగు అస్సలు వద్దు ఇందులో.

డబ్బా అల్లం వెల్లుల్లి పేస్ట్ కూడా మానెయ్యండి. చాలావాటిలో నిలవుండడానికి ఆమ్లం కలుపుతారు, మీకొచ్చే పచ్చి వాసన, పులుపులో దాని వాటా కూడా ఉంది. ఇంకో మాట, కూర రుచి చూసేటప్పుడు నాన్ ముక్కతో చూడండి, చెంచాతో కాదు. ఉత్తగా చూస్తే కొంచెం ఉప్పగా ఉండాలి, అప్పుడే రొట్టెతో సరిపోతుంది.


పోపులపెట్టె:

నేను ముప్పయ్యేళ్ళుగా రోజూ వండుతున్న మనిషిని, హోటల్ వంట మీద నాకు పెద్ద గౌరవం లేదు, ముందే చెప్పేస్తున్నా. గ్రేవీసెక్షన్ గారు చెప్పింది నిజమే గానీ అంత వెన్న ఇంట్లో వారం వారం తినడం ఏంటి బాబూ? మా వారికి కొలెస్ట్రాల్ వచ్చాక నేను వెన్న మూడోవంతుకి తగ్గించి చేస్తున్నా. తేడా లేదు అని అబద్ధం చెప్పను, తేడా ఉంది, ఆ నోట్లో కరిగే గుణం తగ్గుతుంది. కానీ తొంభై శాతం రుచి వస్తుంది, ఎందుకంటే రుచి మొత్తం వెన్నలో లేదు, ఓపికలో ఉంది.

ఆ ఓపిక సంగతే చెప్తా, బటర్ మసాలా పక్కన పెట్టి మామూలు ఉల్లి టమాటా గ్రేవీ కూరల గురించి. ఈ కాలం పిల్లలు ఉల్లిపాయలు ఐదు నిమిషాలు వేయించి "గోల్డెన్ వచ్చింది" అంటారు. రాలేదమ్మా. ఉల్లిపాయలో నీళ్ళున్నంతసేపు అది ఉడుకుతుంది తప్ప వేగదు. చెవి పెట్టి వింటే తెలుస్తుంది, మొదట జుయ్యిమని గట్టిగా శబ్దం, నీళ్ళు ఇగిరేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు వేగడం. కిలో ఉల్లిపాయలకి నాకు నలభై నిమిషాలు పడుతుంది, చివరికి చిన్న గిన్నెడు అవుతుంది. అడుగున అంటుకున్నప్పుడల్లా చెంచాడు నీళ్ళు చల్లి గోకి కలుపుతా, ఆ గోకుడులోనే రంగూ రుచీ రెండూ ఉన్నాయి. తర్వాత అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోయేదాకా, తర్వాత టమాటా, ఉప్పు, నూనె తేలేదాకా. నూనె తేలలేదంటే దానర్థం ఇంకా నీళ్ళున్నాయనే, అక్కడ తొందరపడి నీళ్ళు పోసేస్తే ఇక ఆ కూర బాగుపడదు. తర్వాత పోసేది కూడా వేడి నీళ్ళే, చన్నీళ్ళు పోస్తే అంతసేపూ ఎక్కించిన వేడంతా పడిపోతుంది.

రోజూ ఎవడు చేస్తాడు అంటారా, నేనూ చెయ్యను. పదిహేను రోజులకోసారి ఆదివారం రెండు కిలోలు చేసి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పడేస్తా. ఇడ్లీ ప్లేట్లలో పోసి గడ్డకట్టించి ఆ బిళ్ళలు తీసి కవర్లో వేసుకుంటే ఇంకా సుఖం, ఒక్క బిళ్ళ అంటే ఇద్దరికి కూర. శనగల కూర, రాజ్మా, గుడ్డు కూర, దేనికైనా అదే. ఇదంతా చదివాక నాకే నవ్వొస్తోంది, హోటల్ వంట అంటే గౌరవం లేదంటూనే హోటల్ పద్ధతే చేస్తున్నా ఇంట్లో.


కందిపప్పు:

ఇడ్లీ ప్లేట్ ఐడియా మా అమ్మకి చూపించా. "నా ఇడ్లీ ప్లేట్లకి మసాలా వాసన పట్టించావో చంపేస్తా" అంది. కేసు క్లోజ్.


ఇండక్షన్_కష్టాలు:

నేను ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడి ఇండియన్ రెస్టారెంట్ కూరల రుచి మళ్ళీ పూర్తిగా వేరే. వచ్చిన కొత్తలో మెనూలో మద్రాస్ అని చూసి ఆర్డరిస్తే ఎర్రగా, కారంగా ఏదో వచ్చింది, చెన్నైలో నేను నాలుగేళ్ళు చదువుకున్నా ఆ కూర ఎక్కడా చూళ్ళేదు. ఇక్కడ చాలా రెస్టారెంట్లు నడిపేది సిల్హెట్ వైపు నుంచి వచ్చిన బంగ్లాదేశీ కుటుంబాలు, వాళ్ళు ఇక్కడివాళ్ళ నాలికకి తగ్గట్టు కట్టిన వంట ఇది. 2001లో అప్పటి విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు, అంతగా కలిసిపోయింది.

వాళ్ళ టెక్నిక్ ఇంట్లో చెయ్యడం మనదానికన్నా తేలిక అని నా అభిప్రాయం. ఒకే ఒక్క బేస్ గ్రేవీ. ఉల్లిపాయలు బోలెడు, కొంచెం క్యారట్, క్యాప్సికం, రెండు టమాటాలు, అల్లం వెల్లుల్లి, పసుపు, ధనియాల పొడి, నూనె, నీళ్ళు, అన్నీ కలిపి గంటసేపు మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి చారంత పల్చగా చేసి పెట్టుకుంటారు. దీనికి సొంత రుచి పెద్దగా ఉండదు, ఉత్తది తాగితే నీరసంగా ఉంటుంది. అసలు పని పెనం మీద. పల్చటి అల్యూమినియం పెనం, పెద్ద మంట, నూనె, అల్లం వెల్లుల్లి, మసాలా పొడులు, నీళ్ళు కలిపిన టమాటా ప్యూరీ, వేడి బేస్ గ్రేవీ ఒక గరిటె. దాన్ని కలపకుండా వదిలేస్తారు, అంచుల్లో అంటుకుని ముదురు రంగొస్తుంది, అప్పుడు గోకి కలిపి ఇంకో గరిటె. ఇలా మూడుసార్లు. పోపులపెట్టె గారు చెప్పిన గోకుడే, పెద్ద మంట మీద.

నా కష్టం ఏంటంటే మాది ఇండక్షన్, పెనం ఎత్తితే ఆగిపోతుంది, ఎగరేసే వంటలు కుదరవు. చివరికి ఇనుప పెనం కొన్నా, ఒక్కసారికి ఇద్దరికి మించి చెయ్యను. నలుగురికి ఒకేసారి వేస్తే వేడి పడిపోయి ఉడకడమే తప్ప వేగదు. రెండు వాయిలు వెయ్యడమే మంచిది.


వంటొచ్చీరానోడు:

మంట విషయం వచ్చింది కాబట్టి అడుగుతున్నా, హోటల్లో ఉండే ఆ బుస్సుమనే పెద్ద బర్నర్ ఇంట్లో పెట్టుకోవచ్చా? మా బావమరిది ఎక్కడో హై ప్రెషర్ రెగ్యులేటర్ దొరుకుతుంది తెస్తా అంటున్నాడు.


గ్రేవీసెక్షన్:

బావమరిది మాట వినకండి సామీ. ఇంటి 14.2 కిలోల సిలిండర్‌కి ఇచ్చే రెగ్యులేటర్ తక్కువ ప్రెషర్‌ది, మీ స్టవ్ దానికోసమే చేసింది. హోటళ్ళకి వేరే 19 కిలోల కమర్షియల్ సిలిండర్, వేరే పైపులు, వేరే బర్నర్లు, పైన పొగ లాగే హుడ్. మూసేసిన వంటింట్లో ఆ ప్రయోగం చేస్తే పనీర్‌తో పాటు మీరూ వేగుతారు. మఖనీకి పెద్ద మంట అక్కర్లేదు కూడా, అంతా సన్న మంట పనే.

పొగ రుచి కావాలంటే బొగ్గు పద్ధతి ఉంది. చిన్న బొగ్గు ముక్కని పట్టకారుతో పట్టుకుని మంట మీద ఎర్రగా కాల్చి, కూర మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి అందులో వేసి, నాలుగు చుక్కల నెయ్యి వేసి వెంటనే మూత. రెండు నిమిషాలు చాలు, ఐదు నిమిషాలు ఉంచితే కూర కాలిపోయిన ఇంటి వాసనొస్తుంది. కిటికీలు తెరిచి ఉంచుకోండి. బటర్ చికెన్‌కి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే అసలు అందులో పడాల్సింది తందూర్‌లో కాల్చిన ముక్క. పచ్చి చికెన్ గ్రేవీలో ఉడికిస్తే అది బటర్ చికెన్ అవ్వదు. ఇంట్లో అయితే పెరుగు, కాశ్మీరీ కారం, అల్లం వెల్లుల్లి, కొంచెం ఆవనూనె పట్టించి, పెనం బాగా వేడెక్కాక అంచులు నల్లబడేలా కాల్చి వెయ్యండి.


కారప్పొడి:

అందరూ మఖనీలు, లబాబ్‌దార్‌లు అంటున్నారు, మన ఆంధ్రా హోటళ్ళ కూరల గురించి ఒక్కరన్నా మాట్లాడరేం? మాది విజయవాడ. గోంగూర మటన్ ఇంట్లో చేస్తే గోంగూర, మటన్ రెండూ కలిసి ముద్దైపోయి పులుపొక్కటే తగులుతుంది. ఎందుకంటే ఆకుని మటన్‌తో పాటు ఉడికించేస్తాం. కేటరింగ్ చేసే మా బాబాయ్ చూపించాడు, గోంగూర ముందు విడిగా నూనెలో పచ్చిమిర్చితో వేయించి ముద్ద చేసి పెట్టుకుంటారు, దాదాపు పచ్చడికి చేసినట్టు. మటన్ వేరే కుక్కర్‌లో ఉల్లి, మసాలాతో ముప్పావు పైన ఉడికిపోవాలి. చివరి పది నిమిషాల్లో రెండూ కలుపుతారు. పులుపు ముందే పడితే ముక్క మెత్తబడదంటారు, మనది గంటసేపు ఉడికినా తీగల్లా సాగేది అందుకేనేమో. పైన ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు, అది వడ్డించేముందే.

మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ కూడా అంతే, పల్లీలు, నువ్వులు, కొబ్బరి విడివిడిగా వేయించాలి. మూడూ ఒకేసారి మూకుట్లో వేస్తే పల్లీ వేగేలోపు నువ్వులు మాడి చేదొస్తాయి. ఆ ముద్ద నూనెలో వేగి నూనె వదిలాకే చింతపండు పులుసు. ఆ పూట కన్నా పొద్దున మిగిలింది పెరుగన్నంలోకి ఇంకా బాగుంటుంది, ఇది మాత్రం ఏ హోటలూ ఇవ్వలేదు మనకి.


వంటొచ్చీరానోడు:

అప్‌డేట్. ఆదివారం చేశా. ముందు ప్రమాదాల వార్తలు. గ్రేవీసెక్షన్ అన్న "పూర్తిగా చల్లారాక" అని రాస్తే నేను "కొంచెం చల్లారాక" అని చదువుకున్నా. మిక్సీ ఆన్ చేసిన క్షణంలో మూత లేచి గ్రేవీ గోడ మీద, క్యాలెండర్ మీద, నా చొక్కా మీద. చెయ్యి కాలలేదు, అదృష్టం. క్యాలెండర్‌లో దేవుడికి టమాటా అభిషేకం జరిగింది, మా అత్తగారు ఇంకా మాట్లాడట్లేదు.

మిగిలిన ముప్పావు వంతు వడకట్టి రెండోసారి ఉడికించా. ఆ బుళుక్ బుళుక్ మొదలయ్యేదాకా ఇరవై నిమిషాలు పట్టింది, ఆ తర్వాత ఇంకో పావుగంట. రంగు మారడం కళ్ళారా చూశా, గరిటెతో గీత గీస్తే నిలబడింది, అప్పుడు మా ఆవిడని పిలిచి చూపించా కూడా. అల్లం వెల్లుల్లి ఇంట్లోనే దంచా. బ్యాడిగి దొరకలేదు, కాశ్మీరీ వాడా. పనీర్ ఉప్పు నీళ్ళలో పెట్టా, ఉల్లిగడ్డ అన్నా ఇది మాత్రం మేజిక్, ముక్క పెదాలతో తెగింది.

తప్పు ఒక్కటి చేశా. కసూరీ మేథీ ఎక్కువైతే ఇంకా హోటల్ వాసన వస్తుంది కదా అని గుప్పెడు వేశా. చేదెక్కింది. ఇంకో రెండు చెంచాల క్రీమ్, కొంచెం తేనె వేసి సర్దా గానీ వెనకాల ఆ చేదు తగులుతూనే ఉంది. ఎంత వెయ్యాలి అసలు?

పాప తీర్పు: "నాన్నా ఇది హోటల్‌ది కాదు కానీ చారు కూడా కాదు." రెండో నాన్ అడిగి మరీ తింది.


పోపులపెట్టె:

నలుగురికి చేసే కూరలో నలిపాక అర చెంచా. పెనం మీద ఎక్కువ వేడిచేసినా చేదొస్తుంది, ఆకు పెళుసుగా అయ్యిందా లేదా చూసి దించెయ్యాలి, రంగు మారకూడదు. ప్యాకెట్ మూత సరిగ్గా పెట్టకపోతే మెత్తబడి గడ్డి వాసనొస్తుంది, అదీ చూసుకోండి. అత్తగారికి కొత్త క్యాలెండర్ కొనివ్వండి.


ఉల్లిగడ్డ:

మిగిలిన గ్రేవీ ఫ్రీజర్‌ల పెట్టినవా? ఈసారి అండ్ల ఉడకబెట్టిన గుడ్లు ఏసి చూడు. గుడ్డుకు అక్కడక్కడ గాట్లు పెట్టి వెన్నల కొంచెం కారంతోని వేయించి, అప్పుడు గ్రేవీల ఎయ్యి. పనీర్ కన్న అదే నయమనిపిస్తది నాకైతె.


వంటొచ్చీరానోడు:

పెట్టా. ఒక డబ్బా ఉంది. బుధవారం గుడ్లు, మేథీ అర చెంచా. మిక్సీ మూత మీద గుడ్డ వేసి చేత్తో గట్టిగా నొక్కి పట్టుకోమని మా ఆవిడ చీటీ రాసి మిక్సీకే అంటించింది.